ఇంటి కట్టుబడి: బజారులో రేటు పలకని సరుకులు

గుడ్లవల్లేరు, గుడివాడ, పెడన ప్రాంతాలలో ధాన్యం డబ్బు చేతికి వచ్చిన తరువాత ఏటా కట్టుబడి సీజను మొదలవుతుంది. సంక్రాంతి వెళ్ళి మాఘమాసపు ముహూర్తాలు రాగానే ఇటుక, ఇసుక, ఇనుము, సిమెంటులకు గిరాకీ ఊపందుకుంటుంది. ఆషాఢం నాటికి అమ్మకాలు పలచబడతాయి. ఈ నాలుగైదు నెలలలో సొంత ఇల్లు తలపెట్టేవారిలో వర్తకులు, మిల్లు యజమానులు, కమీషను వ్యాపారులు తక్కువేమీ కాదు. సరుకు కొనడంలో ఆరితేరిన వీరే తమ ఇంటి దగ్గరకు వచ్చేసరికి నష్టపోవడం తరచుగా కనిపిస్తున్నది.

దీనికి కారణం విచిత్రమైనదేమీ కాదు. ధాన్యం, మినుములు కొన్నట్లే ఇంటి సామానూ కొంటారు. నాలుగు కొట్లలో రేటు అడగడం, బేరమాడి తగ్గించడం, ధర పెరుగుతుందనిపిస్తే ముందుగా కొని నిల్వ వేయడం వారికి అలవాటు. రేటు పలికే సరుకుల మీద ఈ నేర్పు కొంతవరకు పనికి వస్తుంది. కాని కృష్ణా డెల్టా దిగువ భాగంలో ఇంటి మన్నికను తేల్చేవి రేట్ల పట్టికకు ఎక్కవు. అవి ఇంటికింది నేల, దానిపై తోలించే మెరక, కాంక్రీటులో కలిపే నీరు, పనికీ పనికీ మధ్య ఆగవలసిన కాలం.

ముందుగా బేరం విలువ ఎంతో చూడవచ్చు. వెయ్యి చదరపుటడుగుల ఒక అంతస్తు శ్లాబు ఇంటికి మేస్త్రీలు, ఇంజనీర్లు వాడే ఉజ్జాయింపు లెక్క ప్రకారం సిమెంటు 400 బస్తాలు, ఇనుము 4 టన్నులు, ఇసుక 1,800 ఘనపుటడుగులు, కంకర 1,350 ఘనపుటడుగుల వరకు పడుతుంది. ప్లానును బట్టి అటూ ఇటూ అవుతుంది గాని అంచనాకు ఇది చాలు. సిమెంటు బస్తాకు 10 రూపాయలు తగ్గించి కొన్నవానికి మిగిలేది 4,000 రూపాయలు. ఇనుము కిలోకు ఒక రూపాయి తగ్గినా మిగిలేది అంతే. రెండు బేరాలూ గెలిచినవానికి మొత్తం 8,000. సిమెంటుపై జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను కలపని ధర 250 రూపాయలు అనుకుంటే ఆ తగ్గింపు వలన బస్తాకు 25 రూపాయలు, 400 బస్తాలకు 10,000 రూపాయలు కలిసి రావాలి. వారం రోజులు కొట్ల చుట్టూ తిరిగి సాధించే బేరం కంటె ఇదే ఎక్కువ.

ఇనుము విషయంలో రేటు కంటె తూకం ముఖ్యం. రాడ్డు మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకొని దానిని దానితోనే హెచ్చించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోలలో వస్తుంది. ఆ లెక్కన 8 మి.మీ. రాడ్డు మీటరు 0.395 కిలో, 12 మి.మీ. రాడ్డు 0.888 కిలో, 16 మి.మీ. రాడ్డు 1.58 కిలోలు తూగాలి. పన్నెండు మీటర్ల పొడవున్న 12 మి.మీ. రాడ్లు పది కలిపి 106.6 కిలోలు ఉండాలి. ఈ మందానికి ప్రమాణాలు అనుమతించే తేడా 5 శాతం. కాటా మీద ఆ పది రాడ్లు 98 కిలోలు మాత్రమే తూగితే సరుకు 8 శాతం పలచన అన్నమాట. రాడ్ల లెక్కన కొన్నవానికి డబ్బు నష్టం అక్కడే తెలుస్తుంది. తూకం మీద కొన్నవాడు తనకు నష్టం లేదనుకుంటాడు. అసలు మోసపోయేది అతడే. ఇంజనీరు పది రాడ్లు వేయమన్నచోట పది రాడ్లే పడతాయి గాని వాటిలో తొమ్మిదింటి సత్తువే ఉంటుంది. కాటా చీటీతోపాటు రాడ్ల సంఖ్య కూడా రాయించుకోవడం మంచి వర్తకుల ఇళ్ళలో ఇప్పుడిప్పుడే అలవాటు అవుతున్నది.

సిమెంటు పట్టి ఉంచడం మరొక పాత పద్ధతి. దీనికి చరిత్ర ఉన్నది. 1982 ఫిబ్రవరి వరకు సిమెంటు పూర్తిగా ప్రభుత్వ నియంత్రణలో ఉండేది. పర్మిట్టు మీద బస్తాలు దొరికిననాడే తెచ్చుకొని వసారాలో పేర్చుకొనేవారు. ఆ నెలలో నియంత్రణ కొంతవరకు సడలించి, 1989 మార్చిలో పూర్తిగా ఎత్తివేశారు. జగ్గయ్యపేట, మాచర్ల ప్రాంతాలలో కర్మాగారాలు ఉన్నందున సరుకు ఒక్క రోజు దారిలోనే దొరుకుతున్నది. అయినా ధర పెరుగుతుందన్న పుకారు వినబడగానే రెండు మూడు వందల బస్తాలు కొని గోడౌనులో పడవేసేవారు ఉన్నారు. ఏడాది నిలవ ఉంటే బియ్యానికి ధర హెచ్చుతుంది, సిమెంటు సంగతి దానికి విరుద్ధం. మామూలు నిల్వలో మూడు నెలలకు సుమారు 20 శాతం, ఆరు నెలలకు 30 శాతం, ఏడాదికి 40 శాతం వరకు బలం తగ్గుతుందని ఇంజనీరింగు గ్రంథాలు చెబుతున్నవి. బందరు గాలిలోని తేమకు ఇది మరికొంత త్వరగా జరగవచ్చు. బస్తాకు 15 రూపాయలు లాభం చూసుకొని బలంలో అయిదో వంతు పోగొట్టుకోవడం ఏ వర్తకపు లెక్కకూ కుదరదు.

ఇసుక కథ వేరు. 2016లో ఉచితమని, 2019లో ఖనిజాభివృద్ధి సంస్థ ద్వారా అమ్మకమని, 2021లో ప్రైవేటు సంస్థ చేతికని విధానాలు మారుతూ వచ్చినవి. 2024 జులై 8 నుంచి మళ్ళీ ఉచిత ఇసుక అన్నారు. ఉచితం అన్నది రేవు దగ్గర మాట. తవ్వకం, ఎగుమతి, లారీ బాడుగ కలిసి ఇంటి ముందు పడేసరికి అది ధర గల సరుకే. వానాకాలంలో ఏటిలో తవ్వకం ఆగిపోతుంది, అప్పుడు నిల్వ ఉన్నవాడిదే మాట. కొనేవారు గమనించవలసింది మరొకటి ఉన్నది. అయిదారు శాతం తేమ పట్టిన ఇసుక పొంగి 20 నుంచి 30 శాతం వరకు ఎక్కువ స్థలం ఆక్రమిస్తుంది. నూరు ఘనపుటడుగుల తడి ఇసుకలో పొడి ఇసుక 80 మాత్రమే ఉండవచ్చు. తూకం మీద కొంటే నీటికి డబ్బు కట్టినట్లు, కొలత మీద కొంటే గాలికి కట్టినట్లు. ఈ తేడా మాలులోకీ వస్తుంది. ఒకటికి ఆరు పాళ్ళని మేస్త్రి తడి ఇసుక పెట్టెలు కొలిచి పోస్తే నిజంగా పడేది ఒకటికి అయిదు పాళ్ళ లోపే. గోడకు అక్కరలేని సిమెంటు అలా ఖర్చు అవుతుంది. సిమెంటు అంచనా దాటిపోయిందని కొట్టువాడిని, మేస్త్రినీ అనుమానించేవారు ముందు ఇసుక కుప్పను చూడవలసి ఉన్నది.

ఇంతవరకు చెప్పినవి రేటు పలికే సరుకులు. వీటిలో ఎంత నేర్పుగా వ్యవహరించినా మిగిలేది వేలలోనే. లక్షలు పోయే చోటు ఇక నేల కింద మొదలవుతుంది.

నేల పరీక్ష

ఈ ప్రాంతపు నేల నల్లరేగడి, ఒండ్రు బంకమన్ను. వరికి ఇంతకంటె మంచి నేల లేదు. ఇంటికి ఇంతకంటె తంటా తెచ్చేదీ లేదు. నీరు తగిలితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. వేసవిలో పొలాల మీదుగా నడిచినవారికి ఈ నెర్రెల సంగతి చెప్పనక్కరలేదు. అదే నెర్ర పునాది కింద వచ్చినపుడు గోడ మీద కిటికీ మూల నుంచి ఏటవాలుగా చీలిక పైకి పాకుతుంది. వానాకాలంలో ఆ చీలిక మూసుకుంటుంది, యజమాని సున్నం పూయిస్తాడు, మళ్ళీ వేసవికి తెరుచుకుంటుంది.

మన్ను ఎంత ఉబ్బేదో తెలుసుకునే పరీక్ష చాలా చవక. ఆరబెట్టి మెత్తగా జల్లించిన మన్ను పది గ్రాముల చొప్పున రెండు గాజు కొలపాత్రలలో వేసి, ఒకదానిలో నీరు, రెండవదానిలో కిరోసిను పోసి 24 గంటలు ఉంచుతారు. కిరోసినులో మన్ను ఉబ్బదు, నీటిలో ఉబ్బుతుంది. రెండింటి తేడాను కిరోసినులోని మట్టంతో భాగించి శాతం కడతారు. అది 50 దాటితే ఆ నేలను తీవ్రంగా ఉబ్బే నేలగా ఇంజనీర్లు లెక్కిస్తారు. బోరు వేసి లోతున నేల గట్టిదనం చూసే పరీక్షకు కొంత ఎక్కువ ఖర్చు అవుతుంది గాని, అదీ ముందు గోడకు వేయించే గ్రానైటు పలకల ఖర్చుతో పోలిస్తే చిన్నదే. గుడ్లవల్లేరులోనే 1998 నుంచి ఇంజనీరింగు కళాశాల ఉన్నది, జిల్లాలో సివిలు ఇంజనీర్లకు కొరత లేదు. అయినా పునాది లోతు ఎంత అన్న ప్రశ్నకు చాలామంది తీసుకునే జవాబు పక్కింటివారు వేసినంత అనే. పక్కింటి స్థలం పాత దిబ్బ, తమ స్థలం నిరుడు పూడ్చిన కుంట అయినపుడు ఆ జవాబు ఎంత ఖరీదైనదో తరువాత తెలుస్తుంది.

ఇటువంటి నేలలకు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన అండర్ రీమ్డ్ పైళ్ళు దేశంలో విస్తృతంగా వాడుకలోకి వచ్చినవి. సన్నని గొయ్యి మూడున్నర మీటర్లకు తగ్గకుండా దించి, అడుగున దానిని కాండం వెడల్పుకు రెండున్నర రెట్లు బుడ్డిలాగా విప్పి కాంక్రీటు పోస్తారు. పైన ఎండావానలకు మన్ను కదిలినా అడుగున తేమ మారని పొరను ఆ బుడ్డి పట్టుకొని ఉంటుంది. పైళ్ళ తలలను కలిపే దూలం కింద కొంచెం ఖాళీ వదలాలి. ఉబ్బిన మన్ను దూలాన్ని ఎత్తకుండా ఆ ఖాళీ కాపాడుతుంది. దానిని కూడా మట్టితో బిగించి పూడ్చివేసే మేస్త్రీలు ఉన్నారు. అయితే డెల్టా దిగువన నీటిమట్టం పైకే ఉన్నందున గొయ్యి గోడలు జారిపోయి బుడ్డి సరిగా రాని స్థలాలు ఉంటాయి. అక్కడ లోతు తక్కువ వెడల్పు ఎక్కువ గల పునాదులు, లేదా ఇల్లంతటి కింద ఒకే పలకగా వేసే రాఫ్టు మేలు కావచ్చు. ఏది వేయాలో పరీక్ష చెప్పాలి గాని మేస్త్రి అభిమానం చెప్పకూడదు.

మెరక, కాలం

ఇక్కడ పల్లపు స్థలం కొన్నవాడు భూమి ధర తోపాటు మెరక ధర కూడా కొన్నట్లే. రోడ్డు మీద పొర మీద పొర పడుతూ మట్టం ఏటేటా పెరుగుతున్నది. పాతిక ముప్పై ఏళ్ళనాడు మూడు మెట్లు ఎక్కి వెళ్ళిన ఇళ్ళకు నేడు రోడ్డు మీద నుంచి దిగి వెళ్ళవలసి వస్తున్నది. 2024 సెప్టెంబరు మొదటి రోజులలో బుడమేరు వరద విజయవాడ కాలనీలను ముంచినప్పుడు, ఎత్తున్న బేస్‌మెంటుకూ లేనిదానికీ తేడా అందరూ చూశారు.

ముప్పై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు స్థలాన్ని మూడడుగులు ఎత్తు చేయడానికి 3,600 ఘనపుటడుగుల మన్ను కావాలి. ట్రాక్టరు నూరు ఘనపుటడుగులు తెస్తుందనుకుంటే 36 ట్రాక్టర్లు. ఆ మన్ను దిగబడుతుంది గనుక పాతిక శాతం కలిపి 45 అనుకోవాలి. అంచనా వేసేటప్పుడు 36 రాసుకొని, ఇల్లు లేచిన తరువాత మిగిలిన తొమ్మిదింటి కోసం గది లోపల గచ్చు కుంగడం చూసేవారే ఎక్కువ. ఆ తొమ్మిది ట్రాక్టర్ల మన్నూ అప్పటికి తలుపులోంచి తట్టలతో మోయించవలసి వస్తుంది.

మెరక తోలించి ఒక వానాకాలం వదిలివేయడం పెద్దల పద్ధతి. తొందర ఉన్నవారు ఆరేసి అంగుళాల పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టించాలి. రెండూ చేయకుండా తోలించిన నెలకే గోడలు లేపేవారు కాలాన్ని ఆదా చేశామనుకుంటారు. ఆ కాలానికి ధర కట్టి చూడవచ్చు. లెక్క కోసం ట్రాక్టరుకు 1,000 రూపాయలు వేసుకుంటే మెరకకు 45,000. నూటికి రూపాయిన్నర వడ్డీ చొప్పున ఆరు నెలలకు 4,050 రూపాయలు. ఆరు నెలలు ఆగినందుకు పడే ఖరీదు ఇంతే. గచ్చు పగలగొట్టి, మళ్ళీ మన్ను నింపి, కొత్త పలకలు వేయించడానికి ఎంతవుతుందో ఒకసారి చేయించినవారిని అడిగితే చెబుతారు. అద్దె ఇంట్లో ఉన్నవారికి ఆరు నెలల అద్దె కూడా దీనికి కలుస్తుంది, అది నిజమే. అటువంటివారికి పొరలుగా దిమ్మిస కొట్టించడమే దారి. మన్ను ఎక్కడిదో కూడా చూడాలి. పొలంలోని నల్లమన్ను దగ్గరలో చవకగా దొరుకుతుందని దానితోనే బేస్‌మెంటు నింపితే ఉబ్బే గుణాన్ని ఇంట్లోకి తెచ్చుకున్నట్లే. గచ్చు కింద చివరి అడుగయినా ఇసుకతో నింపడం క్షేమం.

గోడకు, తలుపులకు సంబంధించిన ఎంపికలు ఇంతటి చిక్కులు కావు. ఇటుకను ఆరబెట్టి తూచి, ఒక పగలూ రాత్రీ నీటిలో నానవేసి మళ్ళీ తూచాలి. బరువు అయిదో వంతు కంటె పెరిగితే ఆ ఇటుకను వదలాలి. చవిటి మన్నుతో చేసిన ఇటుకను పళ్ళెంలో అంగుళం నీటిలో నిలబెడితే ఆరిన తరువాత తెల్లని ఉప్పు పూత కనిపిస్తుంది. రంగు ఎంత బాగున్నా దానిని కొనరాదు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం నూరు కిలోమీటర్ల లోపలే ఉన్నందున బూడిద ఇటుకలు తేలికగా దొరుకుతున్నవి. అంచులు సరిగా ఉంటాయి గనుక పూతకు మాలు తక్కువ పడుతుంది, కాని చాలినన్ని రోజులు నీరు పెట్టకుండా అమ్మిన సరుకయితే గోడ లేచిన తరువాత కుంచించుకొని సన్న బీటలిస్తుంది. తలుపులకు రంగూను టేకు వాడిన తాతల ఇళ్ళు ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నవి. ఆ కలప ఇప్పుడు పాత ఇళ్ళు విప్పినచోటనే దొరుకుతుంది, అది దొరికితే కొత్త టేకు కంటె మేలు.

పైకప్పు మీద ఈ ప్రాంతంలో ఎవరూ బేరమాడరు, ఆడకూడదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో సుమారు పదివేల మందిని పొట్టనబెట్టుకున్నది. గాలి ఒత్తిడిని లెక్కించే జాతీయ ప్రమాణం ఈ తీరానికి సెకనుకు 50 మీటర్ల వేగాన్ని, అంటే గంటకు 180 కిలోమీటర్ల గాలిని పరిగణించమంటున్నది. శ్లాబు వేసినవారు గాలికి భయపడనక్కరలేదు. కాని మేడ మీద ఎండకోసమని తరువాత లేపుతున్న రేకుల షెడ్లు ఏ లెక్కకూ నిలిచేవి కావు. వాటి పైపులకు శ్లాబులో నాలుగు బోల్టులు తప్ప మరేమీ పట్టు ఉండదు.

నీరు

ఇక చివరి సరుకు నీరు. గుడివాడ నుంచి బందరు దాకా చాలా ఊళ్ళలో బోరు నీరు ఉప్పన. నోట పోసుకోలేని ఆ నీటినే సిమెంటులో పోయడం మాత్రం ఎవరికీ తప్పుగా తోచడం లేదు. ఇనుము వేసే కాంక్రీటులో కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదని ఐ.ఎస్. 456 ప్రమాణం నిర్ణయించింది. ఇనుము లేని కాంక్రీటుకు 2,000 వరకు అనుమతి ఉన్నది. ఈ రెండు అంకెల తేడాలోనే విషయమంతా ఉన్నది. ఉప్పు సిమెంటును చెడగొట్టడానికంటె ముందు ఇనుమును తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఇనుము కంటె రెండు మొదలు ఆరు రెట్లు స్థలం ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి శ్లాబు అడుగు పెచ్చులుగా ఊడుతుంది. పదిహేనేళ్ళకే వంటగది కప్పు నుంచి పెచ్చులు రాలిన ఇళ్ళలో కంపెనీ సిమెంటును, రాడ్డును తిట్టుకుంటారు గాని బోరును ఎవరూ అనుమానించరు.

మంచి నీరు ఎంత కావాలో లెక్క వేసినవారు ఆశ్చర్యపోతారు. బస్తా సిమెంటుకు పాతిక ముప్పై లీటర్ల చొప్పున 400 బస్తాలకు పన్నెండు వేల లీటర్ల లోపు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు మూడు వస్తే ఇంటికంతటికీ కలిపే నీరు సరిపోతుంది. ట్యాంకరుకు 1,000 రూపాయలు వేసుకున్నా 3,000. సిమెంటు మీద బస్తాకు పది రూపాయల బేరంలో మిగిలిన సొమ్ము కంటె ఇది తక్కువ. తడపడానికి మరికొంత కావాలి. శ్లాబు మీద రెండంగుళాల నీరు నిలబెట్టడానికి వెయ్యి చదరపుటడుగులకు ఒక ట్యాంకరు పడుతుంది, వేసవిలో ఆవిరయ్యేది పూడ్చుకుంటూ పోవాలి. ఆ నీరు కూడా ఉప్పుది కాకూడదు. బూడిద కలిసిన పి.పి.సి., స్లాగు కలిసిన సిమెంటు ఉప్పుగాలి ప్రాంతాలకు మామూలు సిమెంటు కంటె అనువైనవే, కాని వాటిని కనీసం 10 రోజులు, ఎండలు ముదిరితే 14 రోజులు తడపాలి. ఏడు రోజులకే గోనెలు తీసివేస్తే ఆ సిమెంటు కొన్న ఫలితం దక్కదు. సముద్రపు దరి ఇసుకలో ఉన్న ఉప్పు సంగతీ ఇదే, తెలిసినవారెవరూ దానిని శ్లాబులో పోయనివ్వరు. రాడ్డుకూ సెంట్రింగు పలకకూ మధ్య పెట్టే కవరు బిళ్ళలు మరొక చిన్న ఖర్చు. వాటికి బదులు కంకర ముక్క ఎగదోసే అలవాటు వలన ఇనుము అడుగుకు జారి ఉప్పుగాలికి దగ్గరవుతున్నది. బందరు వైపు, సముద్రపు గాలి నేరుగా తగిలే దూలాలకు, స్తంభాలకు ప్రమాణం చెప్పే కవరు 45 మిల్లీమీటర్లు.

ఇబ్బంది ఎక్కడంటే కట్టుబడి ముమ్మరంగా సాగే రోజులలోనే కాలువలు కట్టివేస్తారు. మామూలుగా ఏప్రిల్ నుంచి జూన్ దాకా తూర్పు డెల్టా కాలువలలో నీరుండదు. అందుచేతనే బోరు మోటారు మీద ఆధారపడడం జరుగుతున్నది. మే నెలలో శ్లాబు ముహూర్తం పెట్టుకున్నవారు కొందరు ఏప్రిల్ మొదటి వారంలోనే, కాలువ పారుతుండగా, పెరటిలో తాత్కాలికపు తొట్టి కట్టించి నింపుకుంటున్నారు. తొట్టికి అయిన ఇటుకలు తరువాత ప్రహరీ గోడకు పనికి వస్తున్నవి.